ఆన్‌లైన్‌లో ఉచిత సాగు పాఠాలు: అపోహలు – వాస్తవాలు

2020 వేసవిలో, లాక్‌డౌన్ వల్ల బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చుకోవడమే కష్టమైన రోజుల్లో, బంధువర్గంలోని కొన్ని కుటుంబాలకు ఆకుకూరలు పెంచే పద్ధతిని ఫోనులో చెప్పడంతో మొదలైన మా ఆదివారపు తరగతి ఇప్పటికీ ఆగకుండా నడుస్తోంది. కృష్ణా డెల్టాలో సొంత పొలం చేసుకుంటూనే ఈ తరగతిలో పెరటి తోట, మిద్దె తోట, కొద్దిపాటి పొలం సాగు నేర్పుతున్నాను; దీనికి రుసుము లేదు. కొత్తగా చేరేవారి నోట పదే పదే వినిపించే అభిప్రాయాల్లో కొన్ని వారికి నష్టం చేస్తున్నాయి కనుక, వాటి గురించి నా అనుభవంలో తేలిన విషయాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సేద్యం చేతితో నేర్చుకునే పని, ఫోనులో వచ్చేది కాదు.

వాస్తవం: ఇందులో మొదటి మాట ముమ్మాటికీ నిజం. రెండో మాట మాత్రం మన చరిత్రకే సరిపోదు. ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమాలు విని కొత్త వంగడాలు వేసిన రైతులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. 1969లో మొదలైన అన్నదాత పత్రిక అరుగు మీద ఒకరు చదివితే పదిమంది వినేవారు. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్‌కు, అంటే 1800-180-1551 నంబరుకు, ఫోను చేస్తే ఈనాటికీ తెలుగులోనే సలహా దొరుకుతుంది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలే నడుపుతూ, చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి తమ యాసలో తమవాళ్లకు చెప్పుకున్నారు. కాబట్టి దూరం నుంచి పాఠం వినడం మనకు కొత్త కాదు; విన్న పాఠాన్ని చేతిలోకి దించే ఏర్పాటు ఆ తరగతిలో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

నేల పదును, అంటే మట్టిలో సరిపడా తేమ, గురించి చెప్పే రోజున నేను ముందు మాట్లాడను. ప్రతి ఒక్కరినీ నాలుగు అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తెచ్చుకుని కెమెరా ముందు పిడికిట్లో గట్టిగా నొక్కమంటాను. వేళ్ల సందుల్లోంచి నీరు ఊరితే తడి ఎక్కువైనట్టు, ముద్ద కట్టి బొటనవేలితో తట్టగానే విడిపోతే పదును కుదిరినట్టు, ముద్దే కట్టకపోతే నీరు పెట్టాల్సినట్టు. గుంటూరు నల్లరేగడి, మహబూబ్‌నగర్ చల్క (ఎర్ర నేల), బెంగళూరు అపార్టుమెంటు బాల్కనీలోని కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మిశ్రమం ఒకే తెర మీద పక్కపక్కన కనిపించినప్పుడు, ‘రోజూ నీళ్లు పోయాలా?’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఎందుకు ఉండదో ఎవరికి వారికే అర్థమవుతుంది. నిజానికి ఒకే ఊరి పొలంలో నిలబడి చెబితే ఈ మూడు నేలలను ఒకేసారి చూపించడం నా వల్ల అయ్యే పని కాదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. తరగతి అనగానే ఒకరు చెప్పడం, మిగిలినవారు వినడం అనుకుంటారు. కూతురి ఫోనులో మా తరగతి వింటూ వచ్చిన ఒక పెద్దమ్మ, విత్తనాల నిల్వ గురించి నేను చెబుతుండగా ఆపి, ముదిరిన బీరకాయను తీగ మీదే ఎండనిచ్చి, గింజలు తీయకుండా కాయతోనే చూరుకు వేలాడదీయడం ఎలాగో చూపించారు. లోపలి పీచు గింజకు గూడులా పనిచేస్తుందని, విత్తే రోజునే కాయ కొన విరిచి గింజలు దులుపుకోవాలని ఆమె చెప్పిన మాట ఇప్పుడు మా పాఠంలో భాగం.

అపోహ: ఉచితంగా చెబుతున్నారంటే చివరికి ఏదో అమ్మడానికే.

వాస్తవం: అలాంటివీ ఉన్నాయి, జాగ్రత్త అవసరమే. అయితే 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’లోనూ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ ‘మేనేజ్’ నడిపే కొన్ని కోర్సుల్లోనూ వ్యవసాయ పాఠాలు రుసుము లేకుండానే వినవచ్చు. మాలాంటి చిన్న సమూహాల్లో అయ్యే ఖర్చు నెట్టు ఖర్చు, సమయం మాత్రమే. తరగతి మంచిచెడ్డలు తేల్చుకోవడానికి నాకు తెలిసిన కొలత ఒకటే: సమస్య చెప్పగానే మందు డబ్బా పేరు వినిపిస్తోందా, లేక మొక్క గురించి ఎదురు ప్రశ్న వస్తోందా అన్నది గమనించండి.

అపోహ: ఫోటో పెడితే చాలు, తెగులేమిటో, మందేమిటో చెప్పేస్తారు.

వాస్తవం: మా తరగతిలో ఎక్కువ నష్టం జరిగింది ఈ నమ్మకం వల్లనే, అందులో నా తప్పు కూడా ఉంది. మిరపలో ఆకు ముడత అని ఒకరు సాయంత్రపు మసక వెలుతురులో తీసిన ఫోటో పంపితే, చూసీ చూడగానే తామర పురుగులని (త్రిప్స్) చెప్పాను. అవి నల్లులు (మంచాల్లో ఉండేవి కావు; ఆకు రసం పీల్చే, కంటికి సరిగా ఆనని మైట్స్). వారు రెండు వారాలు వేరే పురుగుకు చికిత్స చేస్తూ ఉండగా చిగుళ్లన్నీ మాడిపోయాయి. ఆ తరువాత ఆకు వెనుక భాగం చూడకుండా ఏ జవాబూ ఇవ్వకూడదని నియమం పెట్టుకున్నాను.

మిరపలో ముడత అన్నది ఒక్క జబ్బు కాదు. తామర పురుగులు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దోనె ఆకారంలోకి వస్తాయి, దాన్ని పైముడత అంటాం. తెల్లనల్లి ఆశిస్తే అంచులు కిందికి వంగి తిరగేసిన దోనెలా కనిపిస్తాయి, ఆకు కాడ సాగుతుంది, అది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అయితే ఆకులు చిన్నవై, గుబురుగా మారి, మొక్క ఎదుగుదలే ఆగిపోతుంది. దానికి మందు లేదు, ఆ మొక్కను పీకేసి, మిగిలినవాటి మీద తెల్లదోమ చేరకుండా చూసుకోవడమే మార్గం. నల్లికి పనిచేసే నీటిలో కరిగే గంధకం తామర పురుగును అదుపు చేయదు. అంతేకాదు, పురుగుకని కొట్టే కొన్ని మందుల వల్ల నల్లిని తినే మిత్రపురుగులు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది.

2021–22లో రెండు తెలుగు రాష్ట్రాల మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు మరో పాఠం నేర్పింది. అది పూలలో గుంపులుగా ఉంటుంది కనుక ఆకుల ఫోటోలు ఎన్ని పంపినా కనిపించదు. తెల్ల కాగితం పట్టుకుని, దాని మీద పువ్వును నాలుగుసార్లు తట్టి, ఆ కాగితాన్ని ఫోటో తీయండి; నల్లటి సన్నని గీతల్లా పురుగులు కదులుతుంటే సంగతి తేలిపోతుంది. ఇప్పుడు మేము నాలుగు ఫోటోలు అడుగుతాం: మొక్క మొత్తం, ఆకు పైభాగం, ఆకు అడుగు, పువ్వు దులిపిన కాగితం. నాలుగూ పగటి వెలుగులో తీయాలి. అవి వచ్చాక కూడా చెప్పలేకపోతే, కొమ్మ తీసుకుని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లమని చెప్పడానికి సంకోచించం.

అపోహ: జీవామృతం పోస్తే చాలు, ఇక ఏ బాధా ఉండదు.

వాస్తవం: ఇది మేలు చేసేదే, అందుకే దీన్ని సరిగా చెప్పుకోవాలి. ఎకరానికి చెప్పే కొలత 200 లీటర్ల నీరు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి. మిద్దె తోటకు అంత అక్కర్లేదు. 10 లీటర్ల నీటికి అర కిలో పేడ, అర లీటరు వరకు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పిండి, చెంచాడు మట్టి సరిపోతాయి. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండు పూటలా కలపాలి, వారంలోగా వాడెయ్యాలి, కుండీలకు పది రెట్లు నీరు కలిపి, తడి ఉన్న మట్టిలోనే పోయాలి. ఇది నేలలోని సూక్ష్మజీవులకు ఊపునిస్తుందే కానీ, వైరస్ సోకిన మొక్కను బతికించదు, ఎరువే లేని మట్టికి ఎరువై కూర్చోదు. కుండీలో ఏటా పశువుల ఎరువో, వర్మి కంపోస్టో కలుపుకోవలసిందే.

అపోహ: కాంక్రీటు మిద్దె కదా, ఎన్ని కుండీలైనా మోస్తుంది.

వాస్తవం: దయచేసి ఈ లెక్క వేసుకోండి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గ్రో బ్యాగులో సుమారు 21 లీటర్ల మట్టి పడుతుంది. తడిసినప్పుడు తేలిక మిశ్రమమైనా 25 కిలోలు తూగుతుంది. వాటిని ఆనించి పేర్చితే చదరపు మీటరుకు తొమ్మిది పడతాయి, అంటే 225 కిలోలు. మనుషులు తిరిగే మిద్దెకు మన దేశ ప్రమాణం ప్రకారం ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. అందుకే కుండీలను కింద గోడలున్న చోట, దూలాల వెంబడి వరుసగా పెట్టి, కింది గది నడిమి భాగాన్ని ఖాళీగా వదలమని చెబుతాం. పాత ఇల్లయితే, పండ్ల చెట్ల డ్రమ్ములు పెట్టాలనుకుంటే, ఇంజనీరుకు చూపించిన తరువాతే మొదలుపెట్టండి. ఇది ఫోనులో చూసి చెప్పగలిగే విషయం కాదు.

అపోహ: విత్తే తేదీల పట్టిక ఒకటి ఇస్తే అందరికీ పనికొస్తుంది.

వాస్తవం: మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది, మనకు అది తొలకరి అదను. అదే వారం మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగువారికి చలికాలం మొదలు. న్యూజెర్సీలో ఏప్రిల్ చివరి దాకా మంచు భయం ఉంటుంది కాబట్టి, బెండ, గోంగూర గింజలను కప్పుల్లో ఇంటి లోపల మొలిపించి, మే మధ్యలో బయట నాటుతారు. అక్కడ వేసవి పగళ్లు బాగా పొడవు. పగలు తగ్గితేనే పూసే గోంగూర ఆ రోజుల్లో ఆకు మాత్రం పుష్కలంగా ఇస్తుంది, పూసి గింజ ముదిరేలోపే మంచు వచ్చి పడుతుంది. దాంతో ఏటా విత్తనం కోసం ఇక్కడి బంధువులను అడుగుతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. విత్తనాలను కవరులో పెట్టి విదేశాలకు పోస్టు చేయడం తేలికైన సాయంలా కనిపిస్తుంది కానీ, అమెరికాకు పంపాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం వంటి అనుమతులు ఉండాలి. కరివేపాకు విషయం మరీ ముఖ్యం. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగుకు కరివేప ఇష్టమైన ఆశ్రయం కావడంతో, ఆ తెగులు భయం ఉన్న రాష్ట్రాల్లో కరివేప మొక్కలను, తాజా ఆకును ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకువెళ్లడం మీద నిషేధాలున్నాయి. మన పులుసులో రుచి కోసం ఇంకొకరి తోటలు పోకూడదు. అక్కడే, ఆ రాష్ట్రంలోనే అనుమతి ఉన్న నర్సరీలో కొనమని చెబుతాం.

అపోహ: తరగతికి రాకపోయినా రికార్డింగు చూసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: కంపోస్టు గుంత నింపడం, మట్టి నమూనా తీయడం వంటివాటికి సరిపోతుంది. పైరుతో పాటు నడిచే పాఠాలకు చాలదు. గుమ్మడి, బీర వంటి తీగ పాదులకు చేతితో పరాగసంపర్కం చేయడమే చూడండి. మొదట్లో మా తరగతి ఆదివారం ఉదయం పది గంటలకు ఉండేది. గుమ్మడి, కాకర పూలు తెల్లవారుజామున, ఉదయాన విచ్చుకుంటాయి. పది దాటితే గుమ్మడి పువ్వు ముడుచుకుంటుంది. బీర, సొర పూలు సాయంత్రం కానిదే విచ్చుకోవు. చూపించడానికి పువ్వే లేకుండా పువ్వు గురించి చెబుతున్నానని గ్రహించి, పాదుల కాలంలో తరగతిని సాయంత్రం ఆరింటికి మార్చాను.

ఇప్పుడు ఆ వేళకు అందరూ ఫోన్లు పట్టుకుని తోటలోకే వస్తారు. అడుగున చిన్న పిందె ఉన్నది ఆడ పువ్వు, సన్నని కాడ మాత్రమే ఉన్నది మగ పువ్వు. మగ పువ్వును తుంచి, రేకులు వెనక్కి వలిచి, పుప్పొడి వేలికి పసుపుగా అంటుతోందో లేదో చూసి, ఆడ పువ్వు నడుమ మెల్లగా అద్దాలి. ఆ తరువాతి ఆదివారం తరగతి మొదలయ్యేది ఆ పిందెలతోనే: ఎవరిది వేలంత సాగింది, ఎవరిది పసుపు తిరిగి రాలింది, రాలినవారు ఏ వేళకు అద్దారు, ఆ వారం నీరు ఎన్నిసార్లు పెట్టారు.