లేదు వేరు, కాదు వేరు

తిరుపతిలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి అడిగింది: “తర్కశాస్త్రంలో అభావం కూడా ఒక పదార్థమేనట. లేనిదాన్ని ఉన్నవాటి లెక్కలో ఎట్లా వేస్తారు సార్?”

చాలా మంచి ప్రశ్న. ఇక్కడ పదార్థం అంటే ఉన్నవాటిని విడదీసే ఒక వర్గం. ‘భూ’ ధాతువుకు ఉండటం, అవడం అని అర్థం. దాన్నుంచి భావం, ముందు ‘అ’ చేరితే అభావం. ఉన్నవాటిని ఇలా వర్గాలుగా విడదీసిన ప్రాచీన తాత్త్వికులు వైశేషికులు. వాళ్ళు మొదట ద్రవ్యం, గుణం, కర్మ వగైరా ఆరు పదార్థాలే చెప్పారు. ఏడోదిగా అభావం తర్వాత చేరింది. అందుకే ఆ సంప్రదాయపు రచయిత శివాదిత్యుడు తన గ్రంథానికి ‘సప్తపదార్థి’ అనే పేరు పెట్టాడు.

ఎందుకు చేరిందో తెలియాలంటే తిరుపతి బస్టాండుకు వెళ్దాం. ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. “చిత్తూరు బస్సు లేదు” అంటాం. ఆ ఖాళీ ప్లాట్‌ఫారమే అభావం, వేరే పదార్థం దేనికి అని కొందరు మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థాన్ని విచారించే తాత్త్వికులు, వాదించారు. నైయాయికుల, అంటే తర్కాన్ని పట్టుకున్న న్యాయదర్శనం వాళ్ళ, జవాబు నాకు మహా ఇష్టం. బస్సు వచ్చి నిలబడ్డాక కూడా ప్లాట్‌ఫారం అక్కడే ఉంటుంది కదా! ప్లాట్‌ఫారమే అభావమైతే, బస్సు కళ్ళముందున్నా “లేదు” అనాల్సి వస్తుంది. కాబట్టి బస్సు రాగానే పోయేది ఇంకేదో ఉంది, అదే అభావం.

ఇప్పుడు ప్లాట్‌ఫారం మీద మదనపల్లి బస్సు ఉందనుకోండి. దాన్ని చూపించి “ఇది చిత్తూరు బస్సు కాదు” అంటాం. ఇది ఇంకో రకం. లేదు అన్నది సంసర్గాభావం, కాదు అన్నది అన్యోన్యాభావం. రెండింటిలోనూ ప్రతియోగి, అంటే దేని అభావమో అది, చిత్తూరు బస్సే. మొదటిదాంట్లో కాదంటున్నది ఆ చోటుతో దానికుండే సంబంధాన్ని, రెండోదాంట్లో తాదాత్మ్యాన్ని, అంటే ‘ఇదే అది’ అనడాన్ని. బస్సు ఇంకా తయారవక ముందు ఉండేది ప్రాగభావం, తుక్కయ్యాక ప్రధ్వంసాభావం. ఇవి కూడా ‘లేదు’ వైపువే.

హిందీలో రెండుచోట్లా ‘నహీఁ’ సరిపోతుంది. కుప్పం వైపు వినే మాటల తమిళంలోనూ ‘ఇల్లె’ రెండు పనులూ చేస్తుంది. కన్నడం మాత్రం మనలాగే ఇల్ల, అల్ల అని విడదీస్తుంది. గ్రీకు భాషలో ‘ఉంది’కీ ‘అది ఇది’ అనడానికీ క్రియ ఒక్కటే. లేనిదాని గురించి ఆలోచించడమే కుదరదని ప్రాచీన గ్రీకు తాత్త్వికుడు పార్మెనిడీస్ అన్నాడు. లేమి అంటే శూన్యం కాదు, వేరుగా ఉండటం అని ప్లేటో ‘సోఫిస్ట్’ అనే తన సంభాషణ గ్రంథంలో దానికి దారి చూపించాడు. అంటే లేదు అనేదాన్ని కాదుగా మార్చాడు! తర్కం చెప్పే మాస్టర్లు కుండ, గుడ్డ అనే పాత ఉదాహరణల (‘ఘటం, పటం’) దగ్గర ఆగకుండా, పిల్లల నోట్లో ఉన్న ఈ రెండు మాటలతో పాఠం మొదలుపెడితే ఎంత బాగుంటుందో.

ఈ తేడా దెయ్యాల దాకా వెళ్తుంది. బస్సు లేదని కన్ను చెప్పగలదు, ఎందుకంటే ఉంటే కనబడేది. పిశాచం కనబడేది కాదంటారు కాబట్టి “ఈ స్తంభం మీద పిశాచం లేదు” అని కంటితో తేల్చలేం, దానికి వేరే ప్రమాణం, అంటే తెలుసుకునే ఇంకో మార్గం, కావాలి. కానీ “ఈ స్తంభం పిశాచం కాదు” అన్నది కంటికే తెలుస్తుందని నైయాయికులు ఒప్పుకున్నారు. కాదు అనడానికి ఎదురుగా ఉన్న స్తంభం కనబడితే చాలు, పిశాచం కనబడే వస్తువై ఉండక్కర్లేదు.