ఆ గీత పగులు కాదు: పాత చైనా చెక్క సామానుపై అపోహలు, వాస్తవాలు

పోయిన వారం రాత్రి పదిన్నరకి ఒక ఫోటో వచ్చింది. ఉత్తర చైనాలోని షాన్‌షీ నుంచి వచ్చిన ఎర్ర లక్క బీరువా. ఎడమ తలుపు పలక అంచున పైనుంచి కిందిదాకా సన్నటి తెల్ల గీత. కింద మెసేజ్: "అన్నా, బీరువా పగిలిపోతోంది. రేపు పొద్దున కార్పెంటర్ వచ్చి జిగురు పెట్టి పూడ్చేస్తానన్నాడు." వెంటనే ఫోన్ చేశాను. "అమ్మా, ముందు అతన్ని రావద్దని చెప్పు. ఏం కాలేదు, నువ్వు టెన్షన్ పడకుండా పడుకో" అన్నాను.

సింగపూర్‌లో పాత చైనా ఫర్నిచర్ బాగుచేసే పనిలో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఇలాంటి ఫోన్లు నెలకి రెండైనా వస్తాయి. జిగురు పెట్టించాక చేసేవాళ్లే ఎక్కువ, అదే నా బాధ.

అపోహ: పలకకీ ఫ్రేముకీ మధ్య సందు కనిపిస్తే చెక్క పాడైనట్టే, వెంటనే పూడ్చాలి.

వాస్తవం: ఆ పలకని కావాలనే అతికించకుండా వదిలారు. ఫ్రేముకి లోపలివైపు గాడి తీసి, పలక అంచుల్ని పల్చగా చెక్కి అందులోకి దూర్చారు, అంతే. చెక్క నిలువునా దాదాపు మారదు. అడ్డంగా మాత్రం గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. అడుగున్నర వెడల్పు ఎల్మ్ (ఉత్తర చైనాలో సామానుకి ఎక్కువగా వాడే చెక్క) పలక ఏసీ గదికి చేరాక మూడు నాలుగు మిల్లీమీటర్లు సన్నబడటం నేనే కొలిచి చూశాను. లక్క పూసేది అంతా బిగించాక కాబట్టి గాడిలో దాగిన అంచుకి రంగు అంటదు. పలక సన్నబడినప్పుడు బయటపడే ఆ పచ్చి చెక్కే మీకు కనిపించే తెల్ల గీత.

దాన్ని జిగురుతో పూడిస్తే ఏమవుతుంది? పలక రెండు వైపులా బందీ అవుతుంది. గాలి ఇంకా పొడిబారితే తగ్గడానికి దారిలేక నడిమధ్యన చీలుతుంది. తేమ పెరిగితే ఉబ్బి, మూలల్లో ఫ్రేము కీళ్లని విడగొడుతుంది. ఒకాయన ఇంట్లో ఆరడుగుల బల్లకి ఇదే జరిగింది. అర్ధరాత్రి టపాసు పేలినట్టు చప్పుడైందట. వెళ్లి బల్ల కింద పడుకుని టార్చ్ వేసి చూశాను. పలకకి ఊతంగా అడ్డంగా పెట్టిన బద్దలు వాటి గాడిలో జారుతూ ఉండాలి. ఎవరో వాటికీ స్క్రూలు బిగించారు. పాతకాలం పనివాళ్లు వాడిన చేప తిత్తుల జిగురైతే వేడికీ తడికీ మెత్తబడి ఊడొస్తుంది. ఇప్పటి జిగురు రాదు. ఉలితో గీకి తీయడానికే పదకొండు రోజులు పట్టింది. చీలిక మాత్రం ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

మా నాన్న బద్వేలు దగ్గర తలుపులు చేసేవాడు. పలకని గాడిలో కాస్త వదులుగా వదిలి, "వానాకాలానికి చోటుంచాలి రా" అనేవాడు. ఎక్కడో చైనాలో నాలుగు వందల ఏళ్ల కిందటి వడ్రంగి కూడా అదే లెక్క వేశాడని మొదటిసారి ఒక బీరువా విప్పినప్పుడు తెలిసింది. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుండిపోయాను.

కాబట్టి గీత కనిపిస్తే ఏసీ గాలి నేరుగా తగలకుండా బీరువాని జరపండి. సందు ఒకవైపే ఎక్కువగా ఉంటే, రెండు అరచేతులూ పలక మీద ఆనించి మెల్లగా అటు నెట్టండి, చాలాసార్లు జరుగుతుంది. సందులోంచి వెలుతురు అవతలికి కనిపిస్తేనే పనివాణ్ణి పిలవండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మేకులు లేకపోతే అసలైన పాతది అంటారు. మేకుల్లేకుండా నిన్న చేసినవీ ఉన్నాయి, తర్వాతి రిపేర్లలో మేకులు పడిన నిజమైన పాతవీ ఉన్నాయి. ఇక మనవాళ్లు నల్లగా, బరువుగా కనబడగానే "ఎర్రచందనమేనా అన్నా?" అంటారు. చైనావాళ్లు త్జుతాన్ అనే చెక్క మన శేషాచలం వైపు పెరిగే ఎర్రచందనమే, చైనాని ఏలిన చివరి వంశం చింగ్ రాజులు దాన్ని చాలా ఇష్టపడ్డారు. కానీ ఆ దుంగలు ఎక్కువగా లోపల డొల్లగా ఉంటాయి, వెడల్పు పలకలు దొరకడమే అరుదు. రెండడుగుల ఏకపలక చూపించి ఎర్రచందనం అంటే నమ్మి డబ్బు పెట్టకండి. పొట్టి కాళ్ల బల్లలన్నీ నల్లమందు బల్లలు కావు. ఉత్తర చైనాలో కింద మంట పెట్టి వేడిచేసే ఇటుక అరుగు ఉంటుంది, కాంగ్ అంటారు. చలికాలంలో ఇల్లంతా దాని మీదే కూర్చుని ఈ బల్ల మీద తినేవాళ్లు, కుట్టుపని చేసుకునేవాళ్లు. అలాగే పాత బీరువాల్లో హ్యాంగర్ రాడ్ కోసం పక్కలకి కన్నాలు పెట్టకండి. బట్టలు మడతపెట్టి దాచుకోవడానికే చేశారు వాటిని.

చివరిది భయం గురించి. కోడలికి ఎవరో "కాఫర్" అమ్మారు, అది శవపేటికేమో అని ఒక పెద్దావిడ ఏడుస్తూ ఫోన్ చేశారు. కాఫిన్ వేరు, కాఫర్ వేరు. ఆవిడ ఇంట్లో ఉన్నది పైన బల్ల, దాని కింద డ్రాయర్లు ఉన్న పెట్టె. చైనాలో పెళ్లికూతురికి సారెగా ఇచ్చేవాళ్లు, దాని మీద సారె సామాను పెట్టి ఎర్రతాడుతో కట్టి అత్తారింటికి మోయించేవాళ్లు. "పిన్నిగారూ, డ్రాయర్లు పూర్తిగా బయటికి లాగి లోపలికి చెయ్యి పెట్టి చూడండి, కింద దొంగ అర ఉంటుంది" అన్నాను. అరగంట తర్వాత మళ్లీ ఫోన్ చేశారు. మూలన ఎర్ర దారం చుట్టిన రెండు కుట్టుసూదులు దొరికాయట. తీయాలనిపించక అక్కడే ఉంచేశానన్నారు.