యాభై ఏళ్లు దాటిన ‘తాత్కాలిక’ పాలన

1967 జూన్ 7. ఇజ్రాయెల్‌కూ పొరుగు అరబ్ దేశాలకూ మధ్య ఆరు రోజుల యుద్ధం ఇంకా ముగియలేదు. అప్పటిదాకా జోర్డాన్ చేతిలో ఉన్న పాలస్తీనీయుల ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లోకి వచ్చిన ఇజ్రాయెల్ సైన్యం ఆ రోజే ప్రకటన ఇచ్చేసింది: జోర్డాన్ కాలపు చట్టాలు అలాగే ఉంటాయి, వాటిని మార్చే అధికారం మాత్రం సైనిక కమాండర్‌ది.

ఇజ్రాయెల్‌కు ఇది అలవాటైన పనే. 1948 నుంచి 1966 దాకా తన సొంత అరబ్ పౌరుల్నే సైనిక పాలనలో ఉంచింది. ఊరు దాటాలంటే పర్మిట్ కావాలి. అందుకు ఆధారం 1945లో, అక్కడ తమ పాలన ఉన్నప్పుడు, బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన ఎమర్జెన్సీ నిబంధనలు. అది ఎత్తేసిన ఆరు నెలలకే వెస్ట్ బ్యాంక్, గాజాల్లో మళ్లీ అదే కథ. పదిమంది కూడి రాజకీయాలు మాట్లాడాలన్నా, బావి తవ్వాలన్నా పర్మిటే.

అసలు చిక్కు భూమి దగ్గర. మొదట్లో ‘సైనిక అవసరం’ అని రైతుల పొలాలు తీసుకుని యూదుల కాలనీలు కట్టారు. నబ్లూస్ దగ్గర ఎలోన్ మోరే కాలనీ మీద రైతులు ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఈ భూమి దేవుడు మాకిచ్చింది, శాశ్వతంగా ఉంటామని కాలనీవాసులే కోర్టులో చెప్పారు. వాళ్ల కేసును వాళ్లే ముంచుకున్నారన్నమాట. తాత్కాలిక సైనిక పాలన శాశ్వత ఊరు ఎలా కడుతుందని 1979లో కోర్టు ఆ భూసేకరణను కొట్టేసింది.

రైతులు గెలిచారు, కానీ ప్రభుత్వానికి దారి మూసుకుపోలేదు. ప్రభుత్వం 1858 నాటి ఒట్టోమన్ (తుర్కీ సామ్రాజ్యపు) భూచట్టాన్ని బయటికి తీసింది. సాగు చేయని, కాగితాలు లేని భూమిని ‘ప్రభుత్వ భూమి’గా ప్రకటించడం మొదలుపెట్టింది. మన భాషలో చెప్పాలంటే పట్టా లేని భూములు. పట్టా ఎలా ఉంటుంది? జోర్డాన్ మొదలుపెట్టిన భూముల రిజిస్ట్రేషన్‌ను 1968లో ఆపేసింది సైన్యమే కదా!

ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య కుదిరిన 1995 ఓస్లో ఒప్పందంతో పట్టణాలు పాలస్తీనీయుల స్వపాలన సంస్థ అయిన పాలస్తీనా అథారిటీకి వెళ్లాయి. వెస్ట్ బ్యాంక్‌లో దాదాపు 60 శాతం భూమి, ఒప్పందం ‘సి’ ఏరియా అన్న భాగం, సైన్యం చేతిలోనే మిగిలింది.

అక్కడ చట్టాలూ రెండు. నేరం ఒకటే అయినా పాలస్తీనీయుడికి సైనిక కోర్టు, పక్క కాలనీలోని యూదుడికి ఇజ్రాయెల్ సాధారణ కోర్టు. దీనికి ఆధారమైన నిబంధనల్ని ఐదేళ్లకోసారి పార్లమెంటు పొడిగిస్తుంది. 2022 జూన్‌లో ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టాలని, కాలనీల్ని సమర్థించే ప్రతిపక్షమే వ్యతిరేకంగా ఓటేసింది. పార్లమెంటు రద్దయితే గడువు దానంతటదే పెరుగుతుంది కాబట్టి ప్రభుత్వం ఆ దారి పట్టింది. ఎన్నికల్లో గెలిచాక, 2023 జనవరిలో, ఆ ప్రతిపక్షమే వాటిని ఇంకో ఐదేళ్లు పొడిగించింది.