బ్యాటరీ మీదే నేరమంతా: కారు బ్యాటరీపై అపోహలు, వాస్తవాలు

తెల్లవారగానే నాకు వచ్చే ఫోన్లలో చాలా వరకు ఒకేలా ఉంటాయి. "రాత్రి వరకు బాగానే ఉంది. ఇప్పుడు తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఇంజన్ కదలడం లేదు. బ్యాటరీ పోయినట్టుంది, వచ్చేటప్పుడు కొత్తది పట్టుకురండి." నేను కొత్తది పట్టుకెళ్లను. మల్టీమీటరు, వైరు బ్రష్షు, పది నంబరు స్పానరు తీసుకుని వెళ్తాను. ఆటో ఎలక్ట్రీషియన్‌గా ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటే: బ్యాటరీ మీద మోపే నేరాల్లో చాలా వాటిలో దానికి పాత్రే ఉండదు. ఒకవేళ నిజంగా పోయినా, దాన్ని చంపింది వయసు ఒక్కటే కాదు.

అపోహ: కారు బ్యాటరీ ఆయుష్షు మూడేళ్లు, ఆపైన మార్చేయాల్సిందే

మూడు నుంచి ఐదేళ్లన్నది సగటు లెక్కగా తప్పేమీ కాదు. కానీ బ్యాటరీ వయసు క్యాలెండరుతో నడవదు. ఒకే రోజు బిగించిన రెండు బ్యాటరీల్లో ఒకటి రెండేళ్లకే చేతులెత్తేయవచ్చు, మరొకటి ఆరేళ్లు దాటవచ్చు. తేడా తెచ్చేవి రెండు: వేడి, అరకొర ఛార్జి.

ముందు వేడి సంగతి. బ్యాటరీలో జరిగేదంతా రసాయన చర్యే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. ప్లేట్లను పట్టి ఉంచే సీసపు జాలీ తినుకుపోవడం, నీరు ఆవిరి కావడం కూడా అదే వేగంతో సాగుతాయి. అందుకే కొన్ని కార్లలో బ్యాటరీని బానెట్ కింద కాకుండా డిక్కీలోనో సీటు కిందో పెడతారు. చాలామంది బ్యాటరీకి చలి శత్రువనుకుంటారు. చలిలో రసాయన చర్య నెమ్మదిస్తుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. అందువల్ల చలికాలంలో బండి మొరాయిస్తుంది. కానీ అసలు నష్టం అప్పటికే ఎండాకాలంలో జరిగిపోయి ఉంటుంది. చలి దాన్ని బయటపెడుతుంది, అంతే.

ఇక అరకొర ఛార్జి. కరెంటు వాడుకున్నప్పుడల్లా రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జి చేస్తే అది తిరిగి కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి ప్లేటును కప్పేస్తుంది. ఆపైన ఎంత ఛార్జి చేసినా ఆ భాగం పనిచేయదు. అందుకే రోజూ దూరం తిరిగే కారు బ్యాటరీ కంటే, వారానికోసారి వీధి చివరి దాకా వెళ్లొచ్చే కారు బ్యాటరీయే ముందు పోతుంది. "అసలు వాడనే లేదు, ఎలా పోయింది?" అని అడుగుతారు. వాడకపోవడం వల్లే పోయింది.

మూడేళ్లు నిండాయని మంచి బ్యాటరీని తీసి పారేయడం కంటే, అప్పటినుంచి ఆరు నెలలకోసారి లోడ్ టెస్టు, అంటే ఎక్కువ కరెంటు లాగి వోల్టేజీ నిలబడుతుందో లేదో చూసే పరీక్ష, చేయించుకోవడం మేలు.

అపోహ: స్టార్ట్ కాలేదంటే బ్యాటరీ పోయినట్టే

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే కాబట్టి.

ఒకాయన ఏడాదిలో రెండు కొత్త బ్యాటరీలు మార్చి, మూడోది కొనబోయే ముందు నన్ను పిలిచారు. మీటరు పెడితే రాత్రంతా కదలని కారులో బ్యాటరీ 12.5 వోల్టులు చూపిస్తోంది. పూర్తిగా నిండిన బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 నుంచి 12.7 దాకా చూపాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు, 12 కంటే దిగిందంటే దాదాపు ఖాళీ. ఆ లెక్కన ఆయన బ్యాటరీ బాగానే ఉంది. సెల్ఫ్ కొట్టమని చెప్పి మళ్లీ చూశాను. బ్యాటరీ మీద 11 వోల్టుల పైనే నిలబడింది, ఇంజన్ మాత్రం ములుగుతోంది. బ్యాటరీ ఇస్తోంది, మోటారుకు చేరడం లేదు.

అప్పుడు మీటరు ఒక మొనను బ్యాటరీ సీసపు దిమ్మ మీద, రెండో మొనను దానికి బిగించిన క్లాంపు మీద పెట్టాను. రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నవే కాబట్టి సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి. పాజిటివ్ వైపు అలాగే ఉంది. నెగటివ్ వైపు వోల్టున్నర చూపించింది. స్టార్టరు మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. అంత ప్రవాహం నడిచే దారిలో కంటికి కనిపించని పొర అడ్డుపడినా చాలు. క్లాంపు విప్పితే లోపలివైపు నల్లటి పొర, పైపైన పట్టుకుని ఉన్న బోల్టు. వైరు బ్రష్షుతో రెండింటినీ లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాశాను. పావుగంట పని. ఆయన అంతకుముందు తీయించేసిన రెండు బ్యాటరీల్లో దోషం ఏమైనా ఉందా అంటే నాకైతే అనుమానమే.

దిమ్మ దగ్గర బాగుంటే ఎర్త్ వైరు రెండో కొసను చూడాలి. ఇంజన్‌కు, బాడీకి బిగించిన చోట తుప్పు పట్టినా ఇదే జబ్బు. అక్కడా బాగుంటేనే సెల్ఫ్ మోటారును అనుమానించాలి. బ్యాటరీ వంతు వచ్చేది, మీటరు దాన్ని నేరుగా వేలెత్తి చూపినప్పుడు: సెల్ఫ్ కొట్టగానే వోల్టేజి తొమ్మిదిన్నర కిందికి కుప్పకూలితే, లేదా రాత్రంతా ఛార్జి పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతే. రెండోది మరీ స్పష్టమైన గుర్తు. బ్యాటరీలో ఆరు సెల్లులు, ఒక్కోదానికి రెండు వోల్టుల పైచిలుకు. ఒకటి లోపల షార్ట్ అయితే మిగిలేది ఆ పదిన్నరే. దానికిక మందు లేదు.

అపోహ: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూస్తే ఆల్టర్నేటర్ సంగతి తెలుస్తుంది

ఇంజన్ నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. పాత కార్ల రోజుల్లో మెకానిక్కులు దాన్ని ఇలా పరీక్షించేవారు. ఇప్పటి కారులో ఈ పని ఎవరైనా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. వోల్టేజీని అదుపులో ఉంచే బ్యాటరీని మధ్యలో తప్పిస్తే ఆల్టర్నేటర్ నుంచి ఒక్కసారిగా ఎగసే వోల్టేజీకి కంప్యూటర్ యూనిట్లు కాలిపోవచ్చు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెడితే సరిపోతుంది. మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లు అవసరాన్ని బట్టి తామే ఛార్జింగ్ తగ్గించుకుంటాయి కాబట్టి హెడ్‌లైట్లు వేసి మరోసారి చూడాలి.

అపోహ: జంప్ చేసి పావుగంట నడిపితే బ్యాటరీ మళ్లీ నిండుతుంది

జంప్ అంటే మరో కారు బ్యాటరీకి కేబుళ్లు కలిపి స్టార్ట్ చేయడం. లెక్క వేసి చూద్దాం. రాత్రంతా హెడ్‌లైట్లు వదిలేశారనుకోండి. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు, వెనక దీపాలు కలిపితే సుమారు పది ఆంపియర్లు. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ నాలుగైదు గంటల్లో ఖాళీ. అదంతా తిరిగి పోయాలి. పైగా బ్యాటరీ కడుపు నిండేకొద్దీ నెమ్మదిగా తింటుంది, చివరి ఐదో వంతు నింపడానికి గంటలు పడుతుంది. పావుగంట ప్రయాణం ఇంకోసారి స్టార్ట్ కావడానికి సరిపోవచ్చు, అంతే. ఇంటి ముందు నిలబెట్టి ఇంజన్ ఆన్ చేసి ఉంచితే ఇంకా దండగ, ఐడిల్ వేగంలో ఆల్టర్నేటర్ ఇచ్చేదే తక్కువ. ఖాళీ అయిన బ్యాటరీకి ఛార్జరే దిక్కు. సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 45 దానికి నాలుగున్నర ఆంపియర్లతో, తాపీగా ఎక్కించాలి.

జంప్ కేబుళ్లు కలిపేటప్పుడు చివరి నల్ల క్లిప్పును ఖాళీ బ్యాటరీ మీద పెట్టకండి. దానికి దూరంగా ఇంజన్ లోహానికి తగిలించండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, చివరి క్లిప్పు దగ్గరే నిప్పురవ్వ లేస్తుంది. ఆ రెండూ కలవకూడదు.

అపోహ: కారు తీయకుండా ఉంచితే బ్యాటరీకి విశ్రాంతి

తాళం తీసి జేబులో వేసుకున్నా కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, రిమోట్ రిసీవరు, కంప్యూటర్ల జ్ఞాపకాలు కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే. అదే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. చిన్న బ్యాటరీ పునాది కదిలిపోతుంది. నెల రోజులు ఊరెళ్తే నెగటివ్ తీగ విప్పి వెళ్లండి, లేదా నిర్వహణ ఛార్జరుకు (తగ్గినంత మేరకే కొద్దికొద్దిగా నింపుతూ ఉండే ఛార్జరుకు) కలిపి వెళ్లండి. తిరుగుతున్న కారు కూడా రెండు రోజులకే డౌన్ అవుతుంటే ఎక్కడో ఏదో ఆరకుండా ఉన్నట్టే. డాష్‌బోర్డు అర మూతపడ్డాక లోపలి బల్బు ఆరిందో లేదో ఎవరు చూశారు? ఫోన్ కెమెరాలో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూసి చూడండి. ఈ చిట్కాతో రెండుసార్లు దొంగను పట్టాను.

అపోహ: పైన కన్ను పచ్చగా ఉందంటే బ్యాటరీ భేషుగ్గా ఉంది

కొన్ని బ్యాటరీల నెత్తిన ఛార్జి చూపే చిన్న గుండ్రటి గుర్తే ఈ కన్ను. దాని కింద ఉండేది చిన్న తేలే బంతి. ఆమ్లం సాంద్రతను బట్టి పైకీ కిందికీ కదులుతుంది. అదీ ఆరు సెల్లుల్లో ఒక్కదానిలోనే. మిగతా అయిదింటి సంగతి దానికి తెలియదు. పచ్చ కన్నుతో కాటికి చేరిన బ్యాటరీలను చాలానే చూశాను.

అపోహ: నీరు తగ్గితే యాసిడ్ పోయాలి

వద్దు. ఆవిరైంది నీరు మాత్రమే, ఆమ్లం లోపలే ఉంది. డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ మూతలు తెరిచే వీలున్న రకంలోనే, ఛార్జి అయ్యాకే. మాత్రలు, ఉప్పు వేసి ప్రాణం పోస్తామనే చిట్కాలను పట్టించుకోకండి. సిమెంటు నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుందన్న మాటకు కూడా కాలం చెల్లింది. చెక్క పెట్టెల్లో, పాత రబ్బరు పెట్టెల్లో బ్యాటరీలు వచ్చిన కాలపు భయం అది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెకు నేల ఏదైనా ఒకటే.

అపోహ: ఎక్కువ ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ పెడితే ఆల్టర్నేటర్ కాలిపోతుంది; దానికి ఎదురు అపోహ: ఎంత పెద్దదైతే అంత మంచిది

రెండూ తప్పే. కారు తనకు కావలసినంతే తీసుకుంటుంది, బ్యాటరీ తోసినంత కాదు. 45 బదులు 50 పెడితే ఏమీ కాదు. అలాగని రెట్టింపు పెట్టినా లాభం లేదు. ట్రేలో పట్టాలి, కింది అంచు బిగింపుకు అందాలి, దిమ్మలు సరైన వైపు ఉండాలి. కొలతలు ఒకటే అయినా పాజిటివ్ ఎడమకు ఉన్నవీ కుడికి ఉన్నవీ రెండు రకాలు వస్తాయి. తప్పుడు వైపుది తెస్తే తీగ అందదు, లేదా లాగి పెడితే బానెట్‌కు తగులుతుంది. బిగింపు వదులైన బ్యాటరీ గతుకుల్లో ఊగి ఊగి ప్లేట్లు రాల్చుకుంటుంది.

ఏహెచ్ అంటే నెమ్మదిగా ఎంతసేపు ఇస్తుందనే లెక్క. 60 ఏహెచ్ అంటే 3 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. ఇంజన్ తిప్పే బలం చెప్పేది సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) అంకె. మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్ల పాటు, వోల్టేజీ 7.2 కంటే దిగకుండా, ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నది ఆ అంకె. డీజిల్ ఇంజన్‌కు ఎక్కువ సీసీఏ కావాలి. కారు పుస్తకంలో రాసిన దానికంటే సీసీఏ తగ్గనివ్వకండి, కాస్త ఎక్కువైతే మంచిదే.

సిగ్నల్ దగ్గర తనంతట తానే ఆగి స్టార్ట్ అయ్యే కారైతే మామూలు బ్యాటరీ పెట్టడం పొదుపు కాదు. దానికి ఈఎఫ్‌బీ (బలపరిచిన మామూలు రకం) గానీ ఏజీఎం (ఆమ్లాన్ని గాజు నార పీల్చుకుని ఉండే రకం) గానీ కావాలి, కంపెనీ నుంచి ఏజీఎం వస్తే ఏజీఎమే. మాటిమాటికీ దిగి ఎక్కే పనికి మామూలుది ఏడాదికే అలిసిపోవచ్చు. అలాంటి చాలా కార్లలో నెగటివ్ దిమ్మ మీద చిన్న సెన్సరు ఉంటుంది. కొత్త బ్యాటరీ పెట్టాక స్కానరుతో కారుకు ఆ మాట చెప్పాల్సి ఉంటుంది, లేకపోతే అది ముసలి బ్యాటరీ అనుకునే ఛార్జి చేస్తుంది. దుకాణంలో ముందే అడగండి, ఆ సంగతి తెలియని చోట బిగించుకోవద్దు. ఎలక్ట్రిక్ కారు ఉన్నవారికీ ఒక మాట: పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, దీపాలూ తలుపులూ కంప్యూటర్లూ నడిపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ పోతే ఆ కారు నిద్ర లేవదు. దానికీ ఆయుష్షు ఉంటుంది.

కొనేటప్పుడు ముందు తయారీ తేదీ చూడండి. బ్యాటరీ అరలో కూర్చునే ముసలిదవుతుంది. కోడ్ అర్థం కాకపోతే దుకాణదారును చదివి చెప్పమనండి. మూడు నెలల లోపుదైతే సంతోషం, ఆరు నెలలు దాటిందైతే వేరేది అడగండి. మీటరు పెట్టించండి, కొత్తది 12.5 కంటే తక్కువ చూపితే ఛార్జి చేసి ఇమ్మనండి. వారంటీలో పెద్ద అంకెను చూసి మురిసిపోకండి. అందులో ఉచితంగా మార్చి ఇచ్చేది ఎన్ని నెలలు, ఆపైన వాడిన కాలానికి తగ్గించి ఇచ్చేది ఎన్ని నెలలు అని విడదీసి అడగండి. పాతది తిరిగి ఇచ్చేయండి, అందులోని సీసాన్ని కరిగించి మళ్లీ బ్యాటరీలకే వాడతారు. చెత్తకుప్పలో పడితే విషం.

విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. బిగించాక నేను మార్కర్‌తో బ్యాటరీ నెత్తిన ఆ రోజు తేదీ రాస్తాను. రశీదు ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తుండదు గానీ, బానెట్ ఎత్తితే అది మాత్రం కనిపిస్తుంది.