లూడో పందేలు: 1967 తీర్పులో ఎవరూ చదవని సగం

డబ్బు పెట్టి ఆడే లూడో యాప్‌ల భవిష్యత్తుపై మళ్లీ వాదోపవాదాలు మొదలయ్యాయి. పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యం ఆటలా అదృష్టం ఆటలా అన్న తేడా చూడకుండా, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. దాన్ని సవాలు చేస్తూ వేర్వేరు హైకోర్టుల్లో దాఖలైన పిటిషన్లను సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి బదిలీ చేసుకుంది. జూదం ప్రస్తావన రాగానే ధర్మరాజు పాచికల దగ్గర మొదలుపెట్టడం మనకు ఆనవాయితీ. ఆ కథ అందరికీ తెలుసు కాబట్టి, ఇప్పటి తగాదా మొత్తానికి మూలమైన సికింద్రాబాద్ కేసుకే నేరుగా వెళ్దాం.

అక్కడి ఒక రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసినప్పుడు సభ్యులు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. నిజాం కాలం నాటి హైదరాబాద్ జూద చట్టం కింద మేజిస్ట్రేటు శిక్ష వేశారు. హైకోర్టు దాన్ని కొట్టేసింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య నడిచిన ఆ కేసులో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీలో పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో ఆలోచించాలి. కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట, మూడు ముక్కలాట లాంటిది కాదు అని న్యాయస్థానం చెప్పింది. యాభై ఏళ్ల తర్వాత వచ్చిన యాప్‌లన్నీ ఈ మాట నీడలోనే వ్యాపారం చేశాయి.

అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. పందెం కట్టి ఆడే ఆట రమ్మీ అయినా మరేదైనా, దాని మీద క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్టు ఆధారం ఉంటే నేరం రుజువు కావచ్చని న్యాయమూర్తులు స్పష్టంగా రాశారు. పేక ముక్కలకు కాస్త అదనంగా వసూలు చేయడం లాభార్జన కిందికి రాదని, ఆ వసూలు మితిమీరితే సంగతి వేరని కూడా అన్నారు. ఆ క్లబ్బు బయటపడింది రమ్మీ నైపుణ్యం ఆట కావడం వల్ల మాత్రమే కాదు, ఆట మీద అది సంపాదిస్తోందని చూపే సాక్ష్యం లేకపోవడం వల్ల కూడా. నా దృష్టిలో ఇప్పటి వివాదానికి తాళంచెవి ఈ రెండో సగమే. దాన్ని దాటవేయడం కంపెనీలకు లాభించింది. ప్రభుత్వాలు కూడా దాన్ని గట్టిగా పట్టుకోకపోవడమే నాకు బాధ కలిగించే విషయం.

ఆట నడిపేవాడి వాటా గురించిన ఈ పట్టింపు కొత్తదేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడు అనే అధికారి ఉంటాడు. ఆట ఒకే చోట జరగాలి. మోసం లేని గవ్వలు, పాచికలు ఆయనే ఇవ్వాలి. వాటిని మార్చినవాడికి 12 పణాల జరిమానా. గెలిచినదానిలో నూటికి 5 వంతులు, దానికి తోడు పాచికల అద్దె, నీటికీ స్థలానికీ రుసుము ఆయనే వసూలు చేస్తాడు. అంటే పాచిక ఎవరి చేతిలో ఉండాలి, ప్రతి పందెం నుంచి ఎవరు ఎంత తీసుకోవాలి అన్నవి ఆటగాళ్ల ఇష్టానికి వదిలేసిన విషయాలు కావు.

2025 చట్టం వచ్చేదాకా పందెం లూడో యాప్‌లో ఈ రెండూ కంపెనీ చేతిలోనే ఉండేవి. పాచిక వేసేది కంపెనీ సర్వర్. ఆడేవాళ్లు ఇద్దరైనా నలుగురైనా, అందరూ కట్టిన మొత్తం నుంచి కంపెనీ తన వాటా ముందే తీసుకుని మిగిలినదే గెలిచినవాడికి ఇచ్చేది. మనకు తెలిసిన లూడోలో ఆరు పడితేనే కాయ బయటికి వస్తుంది. ఆ నియమం ఉన్నంతకాలం నైపుణ్యం వాదన నిలబడటం కష్టం. అందుకే నియమాలు మారాయి: కాయలన్నీ మొదటి నుంచే బయట ఉంటాయి, ఆటకు గడువు ఉంటుంది, కదిపిన ప్రతి గడికీ పాయింట్లు వస్తాయి. కొన్నిచోట్ల పాచికనే తీసేసి రాబోయే అంకెలను ముందుగా చూపించారు. ఒక లూడో యాప్‌పై 2021లో బొంబాయి హైకోర్టుకు వెళ్లిన పిటిషనర్ వాదన మాత్రం సూటిగా ఉంది: గెలుపోటములను తేల్చేది పాచిక మీద పడే అంకె.

రాష్ట్రాలు ఊరికే ఉండలేదు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ జూద చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. తమిళనాడు, కర్ణాటక తెచ్చిన ఇలాంటి చట్టాలను 2021, 2022లలో అక్కడి హైకోర్టులు కొట్టేశాయి. నైపుణ్యం ఆట నడపడం చట్టబద్ధమైన వ్యాపారమని, నిషేధిస్తే ఆటగాళ్లు విదేశీ సైట్లకు పోతారని కంపెనీలు అంటున్నాయి. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది 2025లో చట్టం తెచ్చినప్పుడు కేంద్రం చెప్పిన అంచనా. కొత్త చట్టం ఆటగాళ్లను శిక్షించదు. ఆట నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. గురి లాభం తీసుకునేవాడి మీదే పెట్టారు కాబట్టి, తెలిసో తెలియకో పార్లమెంటు 1967 తీర్పు రెండో సగానికే వచ్చి చేరిందని నేను అనుకుంటున్నాను.

ఆనాడు క్లబ్బు లాభాన్ని చూపడానికి పోలీసుల దగ్గర సాక్ష్యం లేకపోయింది. ఇప్పుడు దానికోసం ఎవరూ దాడులు చేయనక్కరలేదు. 2023లో పన్ను విధానం మారేదాకా కంపెనీలు తాము తీసుకున్న వాటాను సేవా రుసుముగా స్వయంగా ప్రకటించి, దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టాయి.