పాలు తాగితే పోయే పొగ కాదిది: కొలిమి, స్క్రాప్ బొమ్మల గురించి అపోహలు - వాస్తవాలు

మొన్న రాత్రి పదకొండున్నరకి ఫోన్. అవతల ఒకావిడ, గొంతు వణుకుతోంది. "అన్నా, మావాడు మధ్యాహ్నమంతా మీ పండగ బొమ్మ పనిలోనే ఉన్నాడు, ఇప్పుడు మూడు దుప్పట్లు కప్పినా చలి అంటున్నాడు, ఒళ్లేమో కాలిపోతోంది, డెంగీయా అన్నా?" నేను ముందు అడిగింది ఒక్కటే, ఇవాళ ఏం వెల్డింగ్ చేశాడమ్మా అని. ఆవిడకి తెలీదు, ఫోన్ కొడుక్కిచ్చింది. నెమలి తోక కోసం ఇంటి వెనక కూర్చుని పాత రేకు బకెట్లు, ఒక బోరు పైపు ముక్క గ్యాస్‌తో కోసి అతికించాడట. తెల్లటి పొగ వచ్చిందా? వచ్చింది. దూది పింజల్లాగా గాల్లో తేలిందా? తేలింది. నోరు ఇనప ముక్క చప్పరించినట్టు ఉందా? ఉంది. మరి జాగ్రత్త ఏం తీసుకున్నావురా అంటే, "అర లీటరు పాలు తాగాను మావయ్యా, బెల్లం కూడా తిన్నాను" అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా కొలిమి, వెల్డింగ్ పనిలో ఉన్నాను, ఈ పాలు-బెల్లం మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అందుకే ఈ పోస్టు. మిగతా అపోహల గురించి కూడా రాస్తాను గానీ, ఎవరికైనా అంతా చదివే ఓపిక లేకపోతే పొగ గురించి రాసింది ఒక్కటి చదవండి చాలు.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. మా దగ్గర సెప్టెంబర్ 17న విశ్వకర్మ జయంతి. ఆ రోజు కొలిమి, దాకలి, సమ్మెట, పట్టుకారు, వెల్డింగ్ మిషన్ అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తాం, పని ముట్టుకోం. మర్నాడు కొలిమి వెలిగించి, చూడ్డానికి వచ్చిన పిల్లల చేత మేకులు కొట్టిస్తాం. గత కొన్నేళ్లుగా కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి పాత ఇనుము పోగుచేసి ఏదో ఒక పెద్ద బొమ్మ చేస్తున్నారు. ఒక ఏడాది ఎద్దు, ఒక ఏడాది గరుత్మంతుడు, ఈసారి నెమలి. తెనాలి శిల్పులు నట్లు, బోల్టులతో మనుషుల విగ్రహాలే నిలబెడుతున్నారు కదా, అవి ఫోన్లలో చూసి మావాళ్లకి ఉత్సాహం వచ్చింది. ఆ ఉత్సాహం నాకు ఎంతో ఇష్టం. కొలిమి వైపు తిరిగి చూడని పిల్లలు ఈ బొమ్మల వల్లే మళ్లీ సుత్తి పట్టుకుంటున్నారు. వాళ్ల ఊపిరితిత్తులు బాగుండాలి, అదే నా బాధ.

అపోహ: పాలు తాగితే, బెల్లం తింటే వెల్డింగ్ పొగ ఏమీ చేయదు.

పాలు వెళ్లేది కడుపులోకి. పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. ఆ రెండింటి దారులు వేరు, కడుపులో ఉన్న పాలు ఊపిరితిత్తిలోకి వెళ్లి దేన్నీ కడగలేవు. ఫ్యాక్టరీల్లో, పెయింటింగ్ షాపుల్లో పనివాళ్లకి పాలు ఇచ్చే అలవాటు ఎప్పటినుంచో ఉంది, కొన్నిచోట్ల ఇప్పటికీ పాల డబ్బులని విడిగా ఇస్తారు, దాంతో అదేదో మందు అన్నట్టు జనంలో నాటుకుపోయింది. పాలు మంచి ఆహారమే, తాగండి, కానీ తాగాను కదా అన్న ధైర్యంతో పొగలో కూర్చోవద్దు. మాస్కు కొనే డబ్బులు పాలకి పెట్టి, ఆ ధైర్యంతో తలుపులు మూసిన షెడ్డులో రోజంతా పనిచేసినవాళ్లని నేను చూశాను.

అసలు జరిగేది ఇది. రేకు బకెట్లు, ఇంటి కప్పు రేకులు, నీళ్ల పైపులు, ముళ్లకంచె, జీఐ వైరు, బజారులో దొరికే తళతళలాడే బోల్టులు, వీటన్నిటి మీదా తుప్పు పట్టకుండా జింకు పూత ఉంటుంది. జింకు 420 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, 907 దగ్గర ఆవిరైపోతుంది. ఇనుము సాగాలంటే కొలిమిలో దాన్ని వెయ్యి డిగ్రీలు దాటించాలి, వెల్డింగ్ మంట వేడి అయితే చెప్పక్కర్లేదు. అంటే ఇనుము మెత్తబడేలోపే పైనున్న జింకు ఆవిరై, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తెల్లటి పొడిగా మారుతుంది. ఆ కుర్రాడు చూసిన దూది పింజలు అవే. కంటికి కనపడని సన్న రేణువులు కూడా అందులో ఉంటాయి, అవే లోపలిదాకా వెళ్లేవి.

పీల్చిన వెంటనే ఏమీ కాదు, జనం మోసపోయేది అక్కడే. నాలుగు నుంచి పది గంటల తర్వాత మొదలవుతుంది. వణుకు, జ్వరం, ఒళ్లు నొప్పులు, దాహం, తలనొప్పి, దగ్గు, నోట్లో లోహం రుచి. అచ్చం ఫ్లూ లాగే. మెటల్ ఫ్యూమ్ ఫీవర్, అంటే లోహపు పొగ జ్వరం అంటారు దీన్ని. పొద్దున పని చేశాడు, రాత్రి జ్వరం వచ్చింది, రెంటికీ సంబంధం ఎవరు కలుపుతారు? వానల్లో తడిశాడనుకుంటారు, దోమ కుట్టిందనుకుంటారు.

టెన్షన్ పడుతున్న అమ్మలకి, భార్యలకి చెప్పేది ఏంటంటే, జింకు పొగ వల్ల వచ్చిన జ్వరం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, చాలామందికి దాని జాడ కూడా మిగలదు. భయపడకండి. కానీ జింకు వల్లే వచ్చిందని మనకి మనం తీర్మానం చేసుకుని ఇంట్లో పడుకోబెట్టకండి. ఆస్పత్రికి తీసుకెళ్లి, ఏ లోహం కోశాడో, ఎన్ని గంటలకి కోశాడో, ఎంతసేపు పొగలో ఉన్నాడో డాక్టరుకి చెప్పండి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ పట్టేసినట్టున్నా ఒక్క క్షణం ఆగొద్దు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం కాడ్మియం అనే ఇంకో లోహం. కొన్ని పాత బోల్టులు, మిలిటరీ సామాన్లు, విమానాల విడిభాగాల మీద కాడ్మియం పూత ఉంటుంది, చూడ్డానికి పసుపు ఛాయ జింకు పూత లాగే ఉంటుంది, నాకే తేడా తెలియదు. అది 770 డిగ్రీల లోపే ఆవిరైపోతుంది. మొదట్లో అదే జ్వరం లాగే ఉండి, తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణమే తీసేయొచ్చు. స్క్రాప్ షాపులో తూకానికి తెచ్చిన బస్తాలో ఏముందో ఎవరికీ తెలియదు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంటుంది, "రెండు మూడు రోజులు చేస్తే అలవాటైపోతుంది మామా" అని. ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది మరీ చెడ్డది. రోజూ పీలుస్తుంటే ఒళ్లు కొంత తట్టుకుంటుంది, జ్వరం రాదు. ఆదివారం సెలవు తీసుకుంటే ఆ తట్టుకునే శక్తి పోతుంది, సోమవారం రాత్రి మళ్లీ వణుకు. దీనికి సోమవారం జ్వరం అనే పేరే ఉంది. ఇత్తడి పోత పోసే చోట్ల కూడా ఇదే గొడవ, ఇత్తడి అంటే రాగి, జింకు కలిసినదే కదా.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు వచ్చింది. అప్పుడు నేను పని నేర్చుకుంటున్న షాపులో గేట్లకి పాత జీఐ పైపులు వాడేవాళ్లు, వర్షం పడుతోందని షట్టర్ సగం దించి రోజంతా వెల్డింగ్ చేశాం. రాత్రి మా నాన్న కొలిమి పక్కన నులక మంచం వేసి పడుకోబెట్టాడు, వెచ్చగా ఉంటుందని. బొగ్గు పొగ కూడా తోడైంది. మా అమ్మ తెల్లవార్లూ తల నిమురుతూ కూర్చుంది, గాలి సోకిందని ఎవరో అంటే దిష్టి కూడా తీసింది. ఎవరి తప్పూ కాదు, మాకు చెప్పినవాళ్లు లేరు. మొన్న ఆ తల్లి గొంతు వినగానే నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది.

మరి ఏం చేయాలి? అన్నిటికంటే మంచిది, పూత ఉన్నదాన్ని కాల్చకపోవడం. కొత్త జీఐ రేకు మీద గాజు పగిలినట్టు మెరిసే పూలుంటాయి, పాతది బూడిద రంగులో మసకగా ఉంటుంది, అంచుల్లో తెల్ల పొడి కనిపిస్తుంది. ఎర్రగా తుప్పు పట్టిన ముక్కని కూడా పూత లేదని నమ్మొద్దు, ఒకవైపు తుప్పు పట్టి రెండోవైపు జింకు మిగిలే ఉంటుంది. ఆ ముక్క బొమ్మకి కావాల్సిందే అంటే రివెట్లు కొట్టండి, బోల్టు బిగించండి, తీగతో కుట్టండి. జింకు యాసిడ్‌లో కరుగుతుంది నిజమే, కానీ బాత్‌రూమ్ యాసిడ్ బకెట్‌లో పోసి పిల్లల మధ్య పెట్టుకునే పని కాదది. యాసిడ్ ఆవిర్లు వస్తాయి, అంటుకునే హైడ్రోజన్ వస్తుంది. తెలిసినవాళ్లు, ఆరుబయట, గ్లవ్స్, కళ్లద్దాలతో చేయాలి. ముక్కుకి కట్టుకున్న కర్చీఫ్ ఈ పొగని ఆపదు. సర్జికల్ మాస్కూ ఆపదు. లోహపు పొగ కోసం చేసిన రెస్పిరేటర్ వేరే ఉంటుంది, అది కొనండి. అది పెట్టుకున్నా సరే ఆరుబయట, గాలి మీకు ఒక పక్క నుంచి వీచి పొగని రెండో పక్కకి తీసుకుపోయేలా నిలబడండి.

పొగ సంగతి అయింది. ఇదే వరుసలో మూసి ఉన్న సామాను. బైకు షాక్ అబ్జార్బర్లంటే కుర్రాళ్లకి భలే ఇష్టం, బొమ్మకి కాళ్లలా సరిగ్గా సరిపోతాయి. వాటిలో ఆయిల్, కొన్నిట్లో గ్యాస్ ఉంటుంది. మంట పెడితే పేలుతుంది. రెండువైపులా మూసిన పైపైనా, ఖాళీ డ్రమ్మైనా, పాత పెట్రోల్ ట్యాంకైనా అంతే. "ఖాళీదే కదా" అనొద్దు, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే ప్రమాదం.

అపోహ: ఎర్రగా లేకపోతే ఇనుము చల్లారినట్టే.

400 డిగ్రీల వేడిలో ఉన్న ఇనుము పట్టపగలు నల్లగానే కనిపిస్తుంది. మా కొలిమి దగ్గర చేతులు కాలిన వాళ్లలో ఎక్కువమంది ఎర్రటి ఇనుము ముట్టుకున్నవాళ్లు కాదు, నల్లటిది ఎత్తినవాళ్లు. నేలమీదున్న ఏ ముక్కా ముట్టుకోవద్దు, అంతే.

అపోహ: ఏ ఇనుమైనా ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఉక్కవుతుంది.

ప్రతి ఏడాదీ ఎవరో ఒక రైతు ఇల్లు కట్టగా మిగిలిన స్లాబు కడ్డీ ముక్క తెచ్చి "దీంతో కొడవలి కొట్టు బాబాయ్, బాగా నీళ్లు పెట్టు" అంటాడు. పదును నిలిపేది నీళ్లు కాదు, లోపలున్న కార్బన్. స్లాబు కడ్డీలో అది పావు శాతం అటూ ఇటూ, అంచు నిలిచేంత గట్టిపడదు. పైగా ఆ కడ్డీకి మిల్లులోనే నీళ్లు కొట్టి బలం తెప్పిస్తారు, మనం కొలిమిలో పెట్టగానే ఆ బలమూ పోతుంది. లారీ కమాను కట్ట పట్టీ అయితే వేరు, అందులో కార్బన్ అర శాతం పైనే, మంచి కొడవలి, మంచి గొడ్డలి అవుతుంది. కానీ దాన్ని నీళ్లలో ముంచితే "టిక్" మని శబ్దం వస్తుంది, పగులు కంటికి కనిపించదు, పొలంలో రెండో రోజు విరిగి ముక్క ఎగురుతుంది. అయస్కాంతం అంటుకోవడం మానేసిన వేడి మీద ఇంకాస్త కాల్చి, నూనెలో ముంచి, ఆ తర్వాత రుద్ది మెరుగుపెట్టి మళ్లీ సన్న సెగ మీద రంగు చూడాలి. ముందు గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. గొడ్డలికి ఊదా దగ్గర ఆపుతాను నేను. ఈ రెండో సెగ పెట్టకపోతే అది గాజు ముక్కే.

అపోహ: పాత కత్తులని రక్తంలో ముంచి పదును పెట్టేవారు.

ఈ మాట వింటే నాకు ఓపిక ఉండదు. డమాస్కస్ కత్తుల గురించి పుట్టించిన కథ ఇది. ఆ కత్తులకి వాడిన ఉక్కులో చాలావరకు మన దక్షిణాదిది, మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కూడా మూసల్లో కరిగించి తీసేవారు. హెన్రీ వాయ్సీ అనే సర్జన్ అక్కడ చూసి రాసినది 1832లో అచ్చయింది, పర్షియా వర్తకులు ఆ ఊరికొచ్చి కొనుక్కెళ్లేవారు. ఆ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, మామూలు ఇనుములాగా తెల్లగా కాల్చి కొడితే పిండిలా రాలిపోతుంది, తక్కువ వేడి మీద ఓపిగ్గా కొట్టాలి. యూరప్ కమ్మర్లు చాలామందికి అది పట్టుబడలేదు. మన చేతుల్లో పుట్టిన ఇంత విద్యకి ఎవరి రక్తమో కారణమంటే బాధగా ఉంటుంది.

అపోహ: పీఎం విశ్వకర్మలో పేరు రాయించుకుంటే 15 వేలు చేతికి వస్తాయి.

త్వరగా చెప్తాను. చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబర్ 17న మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం ఇది, 18 వృత్తుల్లో కమ్మరి పని ఉంది. 15 వేలనేది నగదు కాదు, పనిముట్ల కోసం ఇచ్చే ఈ-వోచర్. లక్ష, ఆ తర్వాత రెండు లక్షలు అనేది అప్పు, 5 శాతం వడ్డీతో తిరిగి కట్టాలి. కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు ఉచితం. మధ్యలో ఎవరికీ రూపాయి ఇవ్వకండి, మా వీధిలోనే ఇద్దరు ముసలివాళ్లు ఏజెంటుకి డబ్బిచ్చి ఇంకా ఎదురు చూస్తున్నారు.

ఆ కుర్రాడి సంగతి. ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లారు, జింకు పొగ అని డాక్టరుకి చెప్పించాను, ఎక్స్‌రే తీశారు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మరుసటి రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. ఎల్లుండి నుంచి వస్తానంటున్నాడు. నెమలి తోక విప్పేశాం. బకెట్ ముక్కలకి రంధ్రాలు వేసి రివెట్లతో కడుతున్నాం, పని మూడింతలైంది, కానీ ఈకలు గాలికి కొద్దిగా కదులుతున్నాయి, వెల్డింగ్ చేస్తే అలా కదిలేవి కావు. పాత ఇనుము ఇవ్వాలనుకునేవాళ్లు 16 సాయంత్రం లోపు తెచ్చి గేటు దగ్గర టేబుల్ మీద పెట్టండి. ప్రతి ముక్కా నేనే చూసి, కాల్చేవి ఒక కుప్ప, రివెట్లు కొట్టేవి ఒక కుప్ప వేస్తాను. షాక్ అబ్జార్బర్లు మాత్రం తేవద్దు.