అల్బేనియా ప్రజలు గొలుసుకట్టు కంపెనీలను ఎందుకు నమ్మారు?

1989లో దాదాపు 32 లక్షలున్న అల్బేనియా జనాభా 2023 జనగణన నాటికి 24 లక్షలకు పడిపోయింది. ఇందుకు ప్రధాన కారణం వలస. ఆ వలస కమ్యూనిస్టు పాలన కూలిన 1991లోనే ఉద్ధృతమైనప్పటికీ, దేశంలోనే ఉండి బాగుపడగలమన్న ఆశను గట్టిగా దెబ్బతీసింది 1997 నాటి గొలుసుకట్టు కంపెనీల (కొత్తగా చేరినవారి సొమ్ముతో పాతవారికి వడ్డీ చెల్లించే సంస్థల) పతనమే.

1944 నుంచి 1985లో మరణించేదాకా కమ్యూనిస్టు నేత ఎన్వర్ హోజా ఏలిన ఆ దేశంలో సొంత కారుకు అనుమతి లేదు; 1967లో మసీదులు, చర్చీలు మూతపడ్డాయి; 1976 రాజ్యాంగం విదేశీ రుణాన్ని సైతం నిషేధించింది. పెట్టుబడి, దివాలా వంటివి ఒక తరానికి అనుభవంలోనే లేవు. 1991 తరువాత ఇటలీ, గ్రీసులకు వెళ్లి కూలి చేసినవారు పంపిన డబ్బు ఇళ్లకు చేరసాగింది గాని, డిపాజిట్లలో 90 శాతం దాకా చేతిలో ఉంచుకున్న మూడు ప్రభుత్వ బ్యాంకులు మొండి బకాయిలలో కూరుకుపోయి అప్పులు ఇవ్వలేని స్థితిలో ఉన్నాయి. ఆ ఖాళీలోకి ప్రైవేటు వడ్డీ వ్యాపారం, దాని వెంటే ఈ గొలుసుకట్టు కంపెనీలు ప్రవేశించాయి. ప్రభుత్వం చూసీచూడనట్లు ఊరుకుంది.

1996 నవంబరులో ఒక కంపెనీ మూడు నెలల్లో సొమ్ము మూడింతలు చేస్తామంటే, మరొకటి రెండు నెలల్లోనే రెట్టింపు ఇస్తామంది. జనం ఇళ్లు అమ్మారు. రైతులు అమ్మకానికి తోలుకొచ్చిన పశువులతో ఆ శరత్కాలంలో రాజధాని టిరానా కబేళాను తలపించింది. ఇదంతా అత్యాశ అని తీసిపారేయడం తేలికే గాని, అదే నెలలో సాక్షాత్తూ ప్రధానమంత్రి, పార్లమెంటు స్పీకర్ ఒక కంపెనీ వార్షికోత్సవంలో పతకాలు స్వీకరించారు. దశాబ్దాలపాటు ప్రతిదీ ప్రభుత్వమే నిర్ణయించగా చూసినవారికి అంతకు మించిన పూచీ ఏముంటుంది?

1997 జనవరిలో దివాలాలు మొదలయ్యేనాటికి ఈ కంపెనీలు జనానికి చెల్లించాల్సిన బాకీలు సుమారు 120 కోట్ల డాలర్లు, అంటే దేశ స్థూలోత్పత్తిలో దాదాపు సగం. దేశ జనాభాలో మూడింట రెండు వంతుల మంది సొమ్ము వాటిలో ఇరుక్కుంది. మార్చిలో దక్షిణాదిన ప్రభుత్వ యంత్రాంగం చేతులెత్తేసింది. జనం ఆయుధాగారాలను కొల్లగొట్టారు. అల్లర్లలో సుమారు 2,000 మంది చనిపోయారు. ఏప్రిల్‌లో ఇటలీ నాయకత్వాన అంతర్జాతీయ దళం దిగింది. జూన్ ఎన్నికల్లో అధ్యక్షుడు సాలి బెరీషా పార్టీ ఓడి, ఒకనాటి కమ్యూనిస్టు పార్టీ వారసులైన సోషలిస్టులు అధికారంలోకి వచ్చారు. ఈలోగా జనం మళ్లీ ఇటలీ దారి పట్టారు: మార్చి 28న వ్లోరా రేవు నుంచి బయలుదేరిన పడవ ఒకటి ఇటలీ నౌకాదళ ఓడను ఢీకొని మునిగిపోగా, 80 మందికి పైగా మరణించారు.